బరంపురంలో చుట్టించిన ట్రాన్స్‌ఫార్మరు, పర్లాకిమిడి కరెంటు: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

2017 ఎండాకాలంలో బరంపురంలో ఈ పవర్ ట్రాన్స్‌ఫార్మరు చుట్టించాను. బరువు రెండు కిలోల పైమాటే. తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని నౌపడ దాకా వచ్చి, అక్కడ పర్లాకిమిడి బండి ఎక్కాను. పక్క సీటాయన "లోపల విగ్రహమా బాబూ?" అని అడిగాడు. ఇంచుమించు అంతేనండీ అన్నాను. అప్పటినుంచి మా ఇంట్లో పాటలు వినే వాల్వు యాంప్లిఫయరును (పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టాలతో కట్టినది) నడిపిస్తున్నది ఇదే. మార్కులు వేయమంటే పదికి ఏడు వేస్తాను. పోయిన మూడింటి సంగతి దారిలో వస్తుంది.

యాంపు చిన్నదే. రెండు చానళ్లు, చానలుకో ఇఎల్84 వాల్వు, రెంటికీ కలిపి ముందు ఒక ఇసిసి83, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయరుగా ఇజెడ్81. ఒక్కో ఇఎల్84 ప్లేటు, స్క్రీను కలిపి 54 మిల్లీయాంపుల దాకా తాగుతుంది. ముందు వాల్వుతో కలిపి మొత్తం 112 అనుకుని, హెచ్‌టీ చుట్టను (వాల్వులకు హెచ్చు వోల్టేజి ఇచ్చేది, మధ్యలోని 0 కొసే దాని సెంటర్ ట్యాపు) 250-0-250 వోల్టులు, 150 మిల్లీయాంపులకు చుట్టమన్నాను. హీటర్లకు, అంటే వాల్వులను లోపల వేడెక్కించే తీగలకు, లెక్క ఇది: ఇఎల్84కి 0.76 యాంపులు, అలాంటివి రెండు, ఇసిసి83కి 0.3, మొత్తం 1.82. అందుకని 6.3 వోల్టులు 3 యాంపులకు ఒకటి, రెక్టిఫయరుకు విడిగా 6.3 వోల్టులు ఒకటిన్నర యాంపులకు ఇంకొకటి. ప్రైమరీకి, అంటే గోడ కరెంటు తీసుకునే చుట్టకు, 0-230-240 అని రెండు ట్యాపులు (చుట్టలోంచి బయటికి తీసే కొసలు) అడిగాను. ఆ రెండో ట్యాపు అడగడం నేను చేసిన తెలివైన పని. అది తెలిసిరావడానికి మాత్రం ఏడాది పట్టింది.

చేతికొచ్చాక చూస్తే హీటరు చుట్టకు సెంటర్ ట్యాపు లేదు. కాగితం మీద రాసిచ్చినా మరిచిపోయారు. ఒక మార్కు అక్కడ పోయింది. తీగలన్నిటికీ ఒకటే పసుపు స్లీవు, దానికి ఇంకో అర. ఏది ఏదో మల్టీమీటరుతో తేల్చుకోవాల్సొచ్చింది. ప్రైమరీ 24 ఓములు, హెచ్‌టీ సగాలు 96, 104. పైన చుట్టిన సగానికి తీగ కాస్త ఎక్కువ పడుతుంది కాబట్టి ఆ తేడా మామూలే, కంగారు పడక్కర్లేదు. హీటరు చుట్టలు అర ఓము కూడా చూపించవు. రంగును నమ్మి తీగ కలిపితే హీటరు చుట్టకు 230 ఇచ్చే ప్రమాదముంది.

కరెంటు మొదటిసారి ఇచ్చింది సీరీస్ బోర్డు మీదుగా. ఫేజులో వరసగా 60 వాట్ల పాతకాలం బల్బు, దాని తర్వాత ట్రాన్స్‌ఫార్మరు. సెకండరీ, అంటే మిగతా చుట్టల, కొసలన్నీ విడివిడిగా టేపు చుట్టి ఉన్నాయి. బల్బు ఒక్కసారి మినుక్కుమని ఆరిపోయింది, అలా ఆరితే మంచిదే. నిండుగా వెలుగుతూ ఉండిపోతే లోపల చుట్లు షార్టయ్యాయని అర్థం, ఆ సరుకును అక్కడికక్కడే వెనక్కి పంపాలి. తర్వాత బోర్డు తీసేసి నేరుగా ఇచ్చి కొలిస్తే హెచ్‌టీ రెండు కొసల మధ్య 536 వోల్టులు. లోడు లేనప్పుడు అంత రావడం సహజమే. కానీ ఆ అంకె చూశాక షాకు కొట్టినా ఛాతీ మీదుగా పోకూడదని ఎడమచెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. ఇప్పటికీ పెట్టె తెరిచి కొలిచేటప్పుడు అది అక్కడే ఉంటుంది.

అసలు గండం ప్రైమరీ వైపే ఎదురైంది. మూడు పిన్నుల తాడు, పెట్టె వెనక సాకెట్టు, ఫ్యూజు, రెండు తీగలనూ తెంచే డబుల్ పోల్ స్విచ్చు, ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మరు. ఎర్తు తీగకు లగ్గు వేసి, పెట్టె లోహపు ఛాసీ మీద రంగు గీకి, పళ్ల వాషరుతో దానికోసమే పెట్టిన బోల్టుకు బిగించాను. ట్రాన్స్‌ఫార్మరును నిలబెట్టే బోల్టుకు కట్టలేదు, అది ఏదో ఒకరోజు వదులవుతుంది. లోపల ఎర్తు తీగను మిగతా రెంటికన్నా పొడుగ్గా వదిలాను, ఎవరి కాలికైనా తాడు తగిలి ఊడినా ఆఖరుగా తెగేది అదే కావాలని. అంతా బాగుందనుకుని ఛాసీ ముట్టుకుంటే వేళ్లకు జివ్వుమంది. టెస్టరు పెడితే సన్నగా వెలుగు.

రైసు మిల్లులో కరెంటు పని చేసి రిటైరైన మా చిన్నాన్నను పిలిచాను. ఆయన యాంపు వైపు చూడనైనా చూడలేదు.

"ఏట్రా, ఎర్తు ఏదీ?"

"పెట్టెలో బిగించాను చిన్నాన్నా."

"పెట్టెలో ఉంటే సరా? గోడలో ఉండొద్దా?"

గోడ సాకెట్టు విప్పితే పై పిన్నుకు తీగే లేదు. తాతల నాటి ఇల్లు. పైగా ఫేజు, న్యూట్రలు తారుమారు. కుడివైపు ఉండాల్సిన ఫేజు ఎడమవైపు ఉంది. అంటే నా ఫ్యూజు న్యూట్రల్లో కూర్చుంది. అది పేలినా లోపలంతా ఫేజు అలాగే ఉండేది. పెరట్లో గొయ్యి తీసి, బొగ్గు, ఉప్పు వేసి పైపు దింపి, గదిదాకా తీగ లాగడానికి రెండు రోజులు పట్టింది. తర్వాత కొలిస్తే ఫేజు-న్యూట్రలు 232, ఫేజు-ఎర్తు 230, న్యూట్రలు-ఎర్తు 2. జివ్వుమనడం పోయింది. మెయిన్ బోర్డులో 30 మిల్లీయాంపుల ఆర్‌సిసిబి (కరెంటు ఎర్తుకు కారితే ఆపేసే స్విచ్చు) కూడా అప్పుడే పెట్టించాం. ఆ ఖర్చు ట్రాన్స్‌ఫార్మరు ధరను దాటింది. ఏప్రిల్, మే నెలల్లో ఆ గొయ్యిలో బిందెడు నీళ్లు పోయడం మా ఆవిడ పని, తులసికోటకు పోసి వస్తూ వస్తూ.

ఫ్యూజుల విషయంలో ఒక వారం మొండిగా పోరాడాను. మా బజారులో దొరికేవి మామూలు గాజు ఫ్యూజులు. అర యాంపుది పెడితే స్విచ్చు వేసినప్పుడల్లా టప్పుమనేది. ట్రాన్స్‌ఫార్మరు మొదటి క్షణంలో గుటకేసి తాగే కరెంటు అలాంటిది. కొట్టాయన ఫ్యూజు మీద రాగి పోగు చుట్టిచ్చాడు కూడా, దణ్ణం పెట్టి వచ్చేశాను. నిదానంగా కరిగే రకం 630 మిల్లీయాంపులది తెప్పించాక మళ్లీ అలా పోలేదు. హెచ్‌టీ రెండు కొసల్లోనూ 250 మిల్లీయాంపులవి ఒక్కొక్కటి వేశాను. పదో ఇరవయ్యో రూపాయలు మిగులుతాయని వీటిని మానేసేవాళ్లు చాలామంది. రెక్టిఫయరు వాల్వు లోపల షార్టయితే కాలేది ఆ సన్నటి హెచ్‌టీ చుట్టే, మెయిన్ ఫ్యూజు చూస్తూ ఊరుకుంటుంది. నాకు నాలుగో ఏట ఇజెడ్81 ఒకటి నీలంగా మెరిసి చచ్చింది. పోయిన సరుకు ఆ వాల్వు, ఒక ఫ్యూజు, అంతే.

హెచ్‌టీ సెంటర్ ట్యాపు దగ్గర తప్పు నాదే. దగ్గరగా ఉందని ఛాసీ బోల్టుకే కట్టేశాను. స్పీకర్లో గర్రుమని మోత. 50 హెర్ట్జుల హమ్ అయితే మెత్తగా ఉంటుంది, ఇది 100 హెర్ట్జుల గరగర. కరెంటును నిలవుంచే కెపాసిటరు నిండే ప్రతిసారీ వచ్చే కరెంటు పోటు ఆ తీగలోనే పోతుంది. అది ఛాసీలో పడి ఇన్‌పుట్ దాకా పాకింది. సెంటర్ ట్యాపును నేరుగా మొదటి కెపాసిటరు నెగెటివు కాలికి తెచ్చి, అక్కణ్నుంచి విడిగా గ్రౌండుకు తీగ లాగితే నిశ్శబ్దం. హీటరుకు లేని సెంటర్ ట్యాపు బదులు 100 ఓముల రెసిస్టర్లు రెండు పెట్టి మధ్య కాలును గ్రౌండు చేశాను, హీటరు తీగల్ని జడలా అల్లాను. కెపాసిటర్లు 47 మైక్రోఫారాడ్లవి రెండు. రెక్టిఫయరు తప్ప మిగతా వాల్వులు పీకి ఉన్నప్పుడు స్విచ్చు ఆపినా అవి 350 వోల్టులకు పైన పట్టుకుని కూర్చుంటాయి. అందుకే వాటి మీద 100 కిలో ఓములవి, రెండేసి వాట్లవి, రెండు రెసిస్టర్లు వరసగా కలిపాను. 40 సెకన్లలో 50 వోల్టుల దిగువకు వస్తుంది. అయినా మీటరు పెట్టి చూడకుండా వేలు పెట్టను.

మొదటి ఏడాది ఒక వింత గమనించాను. రాత్రి పదకొండు దాటాక ద్వారం వారి వయొలిన్ పెట్టుకుంటే వాయిద్యం ఆగిన చోటల్లా ట్రాన్స్‌ఫార్మరు గుయ్‌మనేది. స్పీకర్లోంచి కాదు, ఇనప కోరులోంచే. సాయంత్రం ఆ చప్పుడు ఉండదు. వారం రోజులు మీటరు పెట్టి చూశాను. ఏడు గంటలకు, అందరిళ్లలో ఫ్యాన్లు తిరిగే వేళ, 215. అర్ధరాత్రి 250. చుట్టినాయన చుట్లు కాస్త పొదుపుగా వేసినట్టుంది, 230 ట్యాపు మీద 250 పడేసరికి కోరు అయస్కాంతత్వంతో నిండిపోతోంది. హీటర్లూ 6.85 దాకా ఎక్కుతున్నాయి. 240 ట్యాపుకు మార్చాను, గుయ్ తగ్గింది, హీటరు 6.5 దగ్గర ఆగింది. సాయంత్రం మాత్రం హీటరు 5.6కి దిగుతుంది, పాట కాస్త నీరసంగా ఉంటుంది. నేను వినేది రాత్రిపూట కాబట్టి ఆ బేరం నాకు సరిపోయింది. వాడని 230 కొసకు వేడికి ముడుచుకునే స్లీవు విడిగా తొడిగి కట్టేశాను, దాని మీద ఎప్పుడూ కరెంటు ఉంటుంది మరి. మిగతా మార్కున్నర ఇక్కడే కోశాను.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లాను దులిపేసి పోయింది. చాలా రోజుల చీకటి తర్వాత కరెంటొచ్చిన సాయంత్రం వీధి వీధంతా ఆనందంగా స్విచ్చులేసింది. కాసేపటికి బల్బులు తెల్లగా మండాయి. న్యూట్రలు తీగ ఎక్కడో ఊడింది. అప్పుడు ఒక ఇంటికి రావాల్సిన 230 పోయి, రెండు ఫేజుల మధ్య ఉన్న 400లో ఎంత వాటా పడితే అంత వస్తుంది. మా వరసలో రెండు టీవీలు, ఒక ఫ్రిజ్ పోయాయి. నా యాంపులో మెయిన్ ఫ్యూజు నల్లబడింది, దాని వెనక ప్రైమరీకి అడ్డంగా పెట్టిన 275 వోల్టుల వేరిస్టరు (వోల్టేజి హద్దు మీరితే కరెంటును తనలోకి లాక్కుని ఫ్యూజును పోగొట్టేది) పగిలింది. ట్రాన్స్‌ఫార్మరు గీత కూడా పడకుండా ఉంది. అవి రెండూ మార్చి, మళ్లీ సీరీస్ బోర్డు మీద పెట్టాను. బల్బు మినుక్కుమని ఆరింది.

ఇప్పుడు రాయగడలో ఉన్న మా మేనల్లుడు ఇదే యాంపు కడతానంటున్నాడు. వాడికి రాసిచ్చిన కాగితంలో మూడు మార్పులు చేశాను: ప్రైమరీకి 250 ట్యాపు కూడా, కోరు ఒక సైజు పెద్దది, తీగలకు రంగురంగుల స్లీవులు. హీటరు సెంటర్ ట్యాపు అన్నచోట ఎర్ర సిరాతో రెండు గీతలు కొట్టాను. అడ్వాన్సు ఇచ్చేముందు ఇంట్లో గోడ సాకెట్టు విప్పి ఫోటో పంపమన్నాను. ఇంకా పంపలేదు.