ఆశా, ప్రథమ్: అమెరికాలో ఉన్నవారు దేనికి సమయమివ్వాలి?

అమెరికాలో ఉంటూ భారతదేశంలోని పిల్లల చదువుకు తోడ్పడాలనుకునే తెలుగువారికి ఈ రెండు సంస్థలూ అందుబాటులో ఉన్నాయి.

‘ఆశా ఫర్ ఎడ్యుకేషన్’ 1991లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మొదలైంది. దాన్ని నడిపేది జీతం తీసుకోని కార్యకర్తలే. ఏ బడికి సాయం చేయాలో శాఖ సభ్యులే చర్చించి తేల్చుకుంటారు. దరఖాస్తు చదవాలి, టీచరు జీతానికెంత, పుస్తకాలకెంత అని లెక్క అడగాలి, సెలవుల్లో ఇండియా వచ్చినప్పుడు ఆ బడికి వెళ్లి చూడాలి. పలక మీద తన పేరు రాసి, మెల్లగా మనవైపు తిప్పి చూపించే పాప ముందు కూర్చుంటే ఆ లెక్కలన్నిటికీ ప్రాణం వస్తుంది.

‘ప్రథమ్’ 1995లో ముంబయి మురికివాడల్లో పుట్టింది. తరగతిని బట్టి కాకుండా, చదవగలిగే స్థాయిని బట్టి పిల్లలను కూర్చోబెట్టి నేర్పుతారు. ఐదో తరగతి పిల్లవాడు అక్షరాల దగ్గరే ఆగిపోతే అక్కడినుంచే మొదలుపెడతారు. ఎంత న్యాయమైన పద్ధతి! ఇది ఆఫ్రికా దేశాలకూ చేరింది. అమెరికా శాఖల్లో మాత్రం ప్రధానమైన పని నిధుల సేకరణ.

తీరిక లేనివారికి, ఎక్కువమంది పిల్లలకు మేలు జరగాలనుకునేవారికి ప్రథమ్ సరిపోతుంది. వారానికి రెండు గంటలు ఇవ్వగలిగితే నా ఓటు ఆశాకే.