పేరు లేని పాత బీఎంఎక్స్ ఫ్రేము: విశాఖ ఉప్పుగాలిలో నాలుగేళ్ల వాడకం తర్వాత

బీఎంఎక్స్ అంటే మట్టి దిబ్బల మీద దూకించే 20 అంగుళాల చక్రాల సైకిలు. పాత బీఎంఎక్స్ అనగానే మనవాళ్లు మొదట అడిగేది కంపెనీ పేరు. మంగూసా, హారోనా, జీటీయా, రెడ్‌లైనా? నా ఫ్రేముకు పేరు లేదు. స్టిక్కర్లు ఎప్పుడో ఊడిపోయాయి, బాటమ్ బ్రాకెట్, అంటే పెడళ్ల ఇరుసు కూర్చునే అడ్డ గొట్టం, దాని అడుగున గుద్దిన నంబరొక్కటే మిగిలింది. దాన్ని బాగుచేయించి నాలుగేళ్లు పైబడి విశాఖ రోడ్ల మీద తొక్కుతున్నాను. అడిగినవాళ్లకి నేను చెప్పేది ఒకటే. మన ఊళ్లో పాత ఫ్రేము కొనేటప్పుడు పేరు చివర్న చూడండి. ముందు సామాను దిగే కన్నాల కొలతలు, ఆ తర్వాత గొట్టం లోపలి తుప్పు. ఈ రెండూ తేడాగా ఉంటే ఎంత పేరున్న ఫ్రేమైనా గోడకి తగిలించుకోవడానికే.

నాకిది మల్కాపురం వైపు ఒక పాత ఇనప సామాన్ల కొట్లో దొరికింది. ఓడల్లో పనిచేసి రిటైరైన ఒకాయన ఎనభైల్లో కొడుకు కోసం బయటి దేశం నుంచి తెచ్చిన సైకిలట. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌కి వాళ్ల షెడ్డు రేకులు లేచిపోయాయి. ఆపైన కప్పు లేకుండానే ఏళ్ల తరబడి వానకి నానింది. చక్రాలు లేవు, క్రోమ్ సగం లేచిపోయింది. నేను తిరగేసి మరగేసి చూస్తుంటే కొట్టాయనకి విసుగొచ్చింది.

"ఏటి బాబూ, ఇనప గొట్టాలకి ఇంతసేపు సూత్తన్నారు? తూకమెయ్యమంటే ఏసెత్తాను."

"ఒక్క నిమిషం బాబాయ్, కింద కూడా చూడనీ."

ఆ కింద చూసేది ఏమిటంటే, హ్యాండిల్ కూర్చునే పొట్టి గొట్టానికి వెనక, కింది గొట్టం అడుగుభాగం. అక్కడ బొటనవేలితో మెల్లగా రాసుకుంటూ రావాలి. ముందు చక్రం గోడకో గట్టుకో బలంగా గుద్దుకున్న ఫ్రేమైతే ఆ చోట చిన్న అల తగులుతుంది. కంటికి ఆనదు, పెయింటు ఉంటే అసలే ఆనదు, వేలికి మాత్రం తెలిసిపోతుంది. అల తగిలిందా, గొట్టం నలిగిందన్నమాట. వెల్డింగ్ పెట్టించి సరిచేద్దామన్న ఆశ పెట్టుకోకుండా వచ్చేయండి. తర్వాత చూడాల్సినవి వెనక యాక్సిల్ కూర్చునే డ్రాపౌట్లు. మందపాటి పలక కోసి వెల్డ్ చేసినవైతే మంచి లక్షణం. గొట్టం చివరలనే చదునుగా కొట్టి కన్నం పెట్టినవైతే చవక సరుకు. నాదానికి పలకలే ఉన్నాయి.

క్రోమోలీనా కాదా అని చాలామంది కొట్టుకుంటారు. క్రోమోలీ అంటే క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు. 4130 అని ముద్ర ఉంటుంది కదా, అది. బలమెక్కువ కాబట్టి గొట్టం పల్చగా చేయొచ్చు, ఫ్రేము తేలికౌతుంది. ముందు మూడు గొట్టాలూ క్రోమోలీ, వెనకవి మామూలు ఉక్కు, ఇలా కలగలిపి చేసినవీ ఆ కాలంలో బోలెడు. కానీ పల్చటి గొట్టానికి తుప్పు తట్టుకునే మందం కూడా తక్కువే. సముద్రం పక్కన ఏళ్లు పడి ఉన్న క్రోమోలీ కంటే, లోపల పొడిగా ఉన్న మామూలు ఉక్కు ఫ్రేమే నయం. నేను ఫ్రేమును తలకిందులు చేసి రబ్బరు సుత్తితో తట్టాను. ఎర్రటి పొడి రాలింది. పొడి వరకూ ఫర్వాలేదు, పెచ్చులు రాలితే వదిలేసేవాణ్ణి. చివరికి తూకం లెక్కనే ఇచ్చాడాయన.

ఇక కొలతలు. అసలు తలనొప్పంతా ఇక్కడే. 1970ల మొదట్లో దక్షిణ కాలిఫోర్నియా పిల్లలు మట్టిలో పందేలాడే మోటోక్రాస్ మోటారు బళ్లను చూసి, ష్విన్ కంపెనీ 1963లో తెచ్చిన స్టింగ్‌రే లాంటి 20 అంగుళాల సైకిళ్లను మట్టి దిబ్బల మీద దూకించారు. వాటిలో చాలా సైకిళ్లు ఆ దూకుళ్లకు తట్టుకోలేకపోయాయి. తట్టుకునే ఫ్రేముల కోసం వెతుకులాటలో కొత్త కంపెనీలు పైకొచ్చాయి, రకరకాల కొలతలూ వచ్చిపడ్డాయి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లోకి బీఎంఎక్స్ వెళ్లేనాటికి కొలతలు మళ్లీ మారిపోయాయి. కాబట్టి కొత్త బీఎంఎక్స్ సామాను పాత ఫ్రేముకి పడుతుందన్న నమ్మకం లేదు. జేబులో వెర్నియర్, అదే సన్న కొలతలు తీసే స్కేలు, పెట్టుకుని వెళ్లండి.

బాటమ్ బ్రాకెట్ గొట్టం లోపల నున్నగా, 51.3 మిల్లీమీటర్లు ఉంటే అది అమెరికన్ కొలత. పెడళ్లు తగిలించే కాడ, అంటే క్రాంకు, ఒకే ముక్కగా వంచింది దానికి. లోపల మరలుండి 35కి కాస్త తక్కువగా ఉంటే యూరో రకం, మన సైకిల్ కొట్లలో బీఎస్‌ఏ థ్రెడ్ అనేది అదే. నాది అమెరికన్. దీనితో రెండు చిక్కులు. ఎడమ వైపు బేరింగును బిగించే కోనుకీ లాక్ నట్‌కీ మరలు తిరగబడి ఉంటాయి. మెకానిక్ కుర్రాడు పానా వేసి అలవాటుగా ఎడమకి లాగబోతుంటే ఆపి, "అటు కాదురా, కుడికి తిప్పు" అనాల్సొచ్చింది. రెండోది, ఆ క్రాంకుకి పెడల్ మర అరంగుళం. కొట్లో ఎక్కువగా తగిలే 9/16 పెడళ్లు దానికి ఎక్కవు. ఆ అరంగుళం జత కోసం పూర్ణా మార్కెట్ నుంచి గాజువాక దాకా తిరిగాను.

హెడ్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు, కూడా ఇలాంటిదే. ముందు చక్రాన్ని పట్టే ఫోర్కుకి ఒక అంగుళం మర అని చెబితే సరిపోదు. ఫ్రేములోకి దిగే బేరింగు కప్పు కొలత 30.2 మిల్లీమీటర్లు ఉండొచ్చు, 32.7 ఉండొచ్చు. నేను ఆన్‌లైన్‌లో 32.7 అని ఆర్డరిస్తే చిన్నవి వచ్చాయి, ఫ్రేములో వదులుగా ఊగాయి. వెనక్కి తీసుకోమంటే సవాలక్ష ప్రశ్నలు. చివరికి పాత కప్పులనే శుభ్రం చేసి, గోళీలు మాత్రం కొత్తవి వేసుకున్నాను. టైర్లలోనూ మెలిక ఉంది. రెండూ 20 అంగుళాలే అంటారు గానీ 20x1.75కి రిమ్ము కొలత 406 మిల్లీమీటర్లు, 20x1 3/8కి 451. ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు. మామూలుగా దొరికేది 406, అదే పెట్టుకోండి.

సీటును మోసే కడ్డీ, అదే సీట్ పిల్లర్, గొట్టం లోపలే పట్టేసింది. వారం పాటు రోజూ తుప్పు వదిలించే నూనె పోశాను, కదల్లేదు. ఆటోనగర్‌లో ఒక లేత్ షాపాయన భలే పని చేశాడు. పిల్లర్ని పానాతో తిప్పడం మానేసి, పిల్లర్ తలను బెంచి వైసులో బిగించి, ఫ్రేమునే రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. ఫ్రేమే పొడవాటి కాడలా పనిచేసింది. మొదట వెంట్రుక వాసి కదిలింది. నూనె చుక్క, మళ్లీ తిప్పుడు. గొట్టం అంచున గోధుమ రంగు బురద ఊరింది. అది తుడిచి మళ్లీ నూనె. అలా గంట పైగా పట్టింది. బయటికొచ్చిన పిల్లర్ కింది సగం గరుకుగా తినేసి ఉంది గానీ గొట్టం గోడ బాగుంది. నిజం చెప్పాలంటే ఈ ఫ్రేము మీద నాకు నమ్మకం కుదిరింది అప్పుడే. కొత్త పిల్లర్ 25.4 మిల్లీమీటర్లు. పాత ఫ్రేముల్లో 22.2 కూడా ఉంటుంది, కొలిచే కొనండి.

తుప్పు వదిలించడానికి నిమ్మ ఉప్పు చాలు. లీటరుకి యాభై నుంచి వంద గ్రాములు కలిపి, పెద్ద ప్లాస్టిక్ తొట్టిలో ఒక రాత్రి నానబెట్టి, వంటసోడా నీళ్లతో కడిగాను. కష్టం ఆ తర్వాతే మొదలౌతుంది. మన గాలికి, కడిగిన ఉక్కు ఆరేలోపే చూస్తుండగా నారింజ రంగెక్కుతుంది. అందుకే ఈ పని చలికాలంలో, ఉక్క తగ్గాక పెట్టుకోవాలి. పక్కనే హెయిర్ డ్రయర్ సిద్ధంగా ఉండాలి.

మళ్లీ క్రోమ్ వేయిద్దామని మొదట మనసు లాగింది. షిప్‌యార్డులో పెయింటింగ్ పని చేసే మా బావ అడ్డుపడ్డాడు. "బావా, మెరుపు క్రోముది గానీ కాపలా దాని కింద ఉండే నికెల్‌ది. నికెల్ పల్చగా వేస్తే సూదిమొన కన్నాల్లోంచే తుప్పు మొదలౌతుంది. పైగా యాసిడ్ తొట్లో ముంచుతారు. సన్న గొట్టాల్లో దూరిన యాసిడ్‌ని ఎవడు కడుగుతాడు?" అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు, ఇది మాత్రం రాసిపెట్టుకోండి: పెయింటుకి ముందు ఉక్కు మీద ఉప్పు మిగలకూడదు. మిగిలితే పొర కింద అది తేమను లాగి బొబ్బలు లేపుతుంది. ఓడలకైనా అంతే, సైకిలుకైనా అంతే. అందుకని సన్న గుండను గాలితో చిమ్మి తుప్పు గీకే బ్లాస్టింగ్ మెత్తగా చేయించి, మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, రెండు పూతలు ఎపాక్సీ ప్రైమర్, పైన కారుకి వాడే పాలీయురేథేన్ పెయింటు కొట్టించాం. లోపలికి పెయింటు షాపులో దొరికే ఉడికించిన అవిసె నూనె పోసి, ఫ్రేమును అన్ని వైపులా తిప్పి, మిగిలింది ఒంపేశాను. ఆ నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి. వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. పరిచి ఆరబెట్టి పారేయండి.

ఇన్నాళ్ల వాడకంలో తేలింది ఇదీ. పెయింటు పొర ఎక్కడా బొబ్బలెక్కలేదు. ఊడింది రెండు చోట్లే: నట్లు కరిచే డ్రాపౌట్ల దగ్గర, బ్రేకు కేబుల్ రాసుకునే చోట. అక్కడ ఎప్పటికప్పుడు బ్రష్‌తో ప్రైమర్ అద్దుతున్నాను. ఏడాదికోసారి పిల్లర్ తీసి టార్చి వేసి చూస్తాను, లోపల అవిసె నూనె పొర అలాగే ఉంది. ముందుగా చచ్చింది స్పోకులు. పూత వేసిన మామూలు స్పోకులు మొదటి వానాకాలానికే చుక్కలు పెట్టాయి. స్టీలువి, అదే తుప్పు పట్టనివి, మార్చాక ఆ గోల లేదు. క్రోమ్ పూసిన ఇనప రిమ్ములు చూడ్డానికి ఆ కాలపు అందమే గానీ తడిస్తే బ్రేకు పట్టదు. పాండురంగాపురం దిగువలో వానకి ఒకసారి వణుకు పుట్టి అల్యూమినియం రిమ్ములకి మారాను. చైనును బీచ్ రోడ్ నుంచి వచ్చిన ప్రతిసారీ పొడి గుడ్డతో తుడవాల్సిందే. రెండు రోజులు బద్ధకిస్తే లింకులు బిగుసుకుంటాయి.

తొక్కడం ఎలా ఉందంటే, చైను చక్రాలకి ముందు 44 పళ్లు, వెనక 16. క్రాంకు ఒక చుట్టు తిరిగితే బండి నాలుగు మీటర్ల పైచిలుకు పోతుంది. పొద్దున్నే బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేసే వేళ దీన్ని మించిన హాయి లేదు. చిన్న చక్రం ఇట్టే వేగం అందుకుంటుంది, గుంత కనిపిస్తే హ్యాండిల్ లేపితే చాలు. సిరిపురం ఎత్తు మాత్రం సీటు మీద కూర్చుని ఎక్కలేం, నిలబడి తొక్కాలి. కైలాసగిరి మాట ఎత్తకండి. నలభై దాటిన మోకాళ్లకి అరగంట మించి మంచిది కాదని మా ఆవిడ అంటుంది, కాదనలేను.

ఆఫీసుకి వెళ్లడానికి సైకిలు కావాలంటే ఇది వద్దు. ఆదివారాలకి, వీధి చివరి దాకా, పిల్లల ముందు కాస్త గొప్పకి అయితే దివ్యంగా ఉంటుంది. మళ్లీ ఎంచుకోమంటే మరలున్న బాటమ్ బ్రాకెట్ ఫ్రేమునే వెతుకుతాను, సామాను దొరకడం తేలిక. ఉన్న అమెరికన్ గొట్టంలోనే దిగే అడాప్టర్ వేసి మూడు ముక్కల క్రాంకుకి మారే దారీ ఉంది. ప్రస్తుతం హెడ్‌సెట్ కింది కప్పులో గుంటలు పడ్డాయి, హ్యాండిల్ నడిమధ్యలో కాస్త పట్టేస్తోంది. 32.7 కప్పులు ఎవరి దగ్గరైనా ఉంటే, కొలిచి మరీ చెప్పండి.