గాల్వెస్టన్ నుంచి కోజుమెల్ దాకా: క్రూయిజ్‌లో చేతి డబ్బు ఎంత ఉండాలి?

ఓడ లోపల డాలరు నోటుతో దాదాపు పని పడదు. ఎక్కేటప్పుడు ఇచ్చే కార్డే గది తాళం, అదే పర్సు. ఫోటో కొన్నా, విడిగా డబ్బు కట్టవలసిన రెస్టారెంటులో తిన్నా ఖర్చు గది ఖాతాలో పడి, చివరికి క్రెడిట్ కార్డు మీద వసూలవుతుంది. అయినా అత్తయ్యగారు, మామయ్యగారితో కలిసి మేం ఐదుగురం హ్యూస్టన్ పక్కనున్న గాల్వెస్టన్ రేవు నుంచి ఏడు రాత్రుల యాత్రకు వెళ్లినప్పుడు 400 డాలర్ల నగదు పట్టుకెళ్లాను. సరిగ్గా సరిపోయింది. అందులో 60 ఒక డాలరు నోట్లు, 20 ఐదు డాలర్ల నోట్లు. మిగతావి పదులు, ఇరవైలు. వంద నోటు ఒక్కటీ లేదు. రేవుల్లో దానికి చిల్లర దొరకదు.

మొదటి ఖర్చు గాల్వెస్టన్‌లోనే. టెర్మినల్ బయట సామాను అందుకునే కూలీలకు పెట్టెకు రెండు డాలర్ల చొప్పున ఇచ్చాం. ఓడ సిబ్బందికి ఇచ్చే టిప్పుల లెక్క మాత్రం పెద్దది. తలకు రోజుకు సుమారు 18 డాలర్లు, చాలా కంపెనీల్లో పిల్లలకూ అంతే. ఐదుగురికి ఏడు రోజులకు 630 డాలర్లవుతుంది. మేం దీన్ని టికెట్టుతో పాటే కట్టేశాం. ఓడ ఎక్కాక ఈ అంకె చూసి ఉలిక్కిపడేవారు చాలామంది ఉంటారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. గది ఖాతాకు డెబిట్ కార్డు ఇవ్వకండి. ఏ రోజు ఖర్చుకు ఆ రోజు బ్యాంకులో డబ్బు స్తంభింపజేస్తారు, యాత్ర ముగిశాక కూడా అది విడుదల కావడానికి కొన్ని రోజులు పడుతుంది. భారత్ నుంచి వచ్చే పెద్దవారు తమ కార్డును విదేశీ వాడకానికి అనుమతిస్తున్నట్టు బ్యాంకు యాప్‌లో ముందే మార్చుకోవాలి. అలా చేసినా చాలా కార్డుల మీద మూడు, మూడున్నర శాతం అదనంగా పడుతుంది.

మా పెద్దవాళ్లిద్దరూ శాకాహారులు. మొదటి రాత్రి భోజనశాలలో ఆ మాట చెప్పగానే మంగళూరుకు చెందిన హెడ్ వెయిటర్ మర్నాటి నుంచి పప్పు, జీలకర్ర అన్నం, రొట్టెలు విడిగా చేయించి పెట్టాడు. మెనూలో లేనివి, అదనపు రుసుము లేనివి. ఆఖరి రాత్రి అతనికి 40 డాలర్లు, మా గదులు శుభ్రం చేసిన అబ్బాయికి 40 డాలర్లు కవర్లలో పెట్టి ఇచ్చాం. నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండి పనిచేసే మనుషులు వాళ్లు. టిప్పులు ముందే కట్టేశాం కదా అని ఇలాంటివారికి చేతిలో ఏమీ పెట్టకుండా దిగిపోవడం నాకు నచ్చదు.

నగదు అసలు విలువ తెలిసేది హోండురాస్‌కు చెందిన రోఆటాన్ దీవిలో. ఓడవారి టూరుకు బదులు స్థానిక డ్రైవరును ముందుగా మాట్లాడుకున్నాం. తలకు 40, మొత్తం 200 డాలర్లు, దిగేటప్పుడు నగదుగా ఇవ్వాలి. పైన ఇరవై ఇచ్చాం. ఈ దీవులు 19వ శతాబ్దంలో కొంతకాలం బ్రిటిష్ వారి చేతిలో ఉన్నందువల్ల ఇంగ్లీషు మాట్లాడే కుటుంబాలు ఇప్పటికీ చాలా ఉన్నాయి, మాటకు ఇబ్బంది లేదు. మామయ్యగారు దారి పొడవునా డ్రైవరుతో చేపల వేట గురించి మాట్లాడుతూనే ఉన్నారు. అతను మమ్మల్ని పుంటా గోర్డాకు తీసుకెళ్లాడు. 1797లో బ్రిటిష్ వారు సెయింట్ విన్సెంట్ దీవి నుంచి వెళ్లగొట్టి ఇక్కడ దించిన గరిఫునా ప్రజల ఊరు అది. అక్కడ ఆడవాళ్లు కొబ్బరిపాలు పోసి కాల్చిన రొట్టె అమ్ముతారు. వేడివేడిగా ఉన్న ఆ రొట్టెను అత్తయ్యగారు మళ్లీ అడిగి కొనిపించారు. కార్డు యంత్రం కనబడని చోటు అది. ఒక డాలరు నోట్లన్నీ ఎందుకు తెచ్చానో అక్కడ మావాళ్లందరికీ అర్థమైంది. నోట్లు మాత్రం శుభ్రంగా ఉండాలి. కాస్త చిరిగినా తీసుకోరు. సెంటు నాణేలు అక్కడ మార్చుకోలేరు కాబట్టి వాటిని టిప్పుగా ఇవ్వకండి.

మెక్సికోలోని కోస్టా మాయా రేవులో నగదు పెద్దగా అక్కరలేదు. రేవు చుట్టూ ఉన్నవి యాత్రికుల కోసం కట్టిన దుకాణాలే, కార్డు తీసుకుంటారు. చాక్‌చోబెన్ మాయా శిథిలాలకు బస్సులో గంట దూరం. దానికి ఓడవారి టూరే తీసుకున్నాం. ధర ఎక్కువే, కానీ ఆ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్లి ఆలస్యమైతే ఆగదు. పెద్దవారితో వెళ్లేటప్పుడు ఆ నిశ్చింతకు డబ్బు పెట్టవచ్చు.

మెక్సికోకే చెందిన కోజుమెల్ దీవిలో ధర పలక మీది గుర్తును జాగ్రత్తగా చూడాలి. మెక్సికో పెసోకూ డాలరుకూ ఒకటే గుర్తు. 200 అని రాసి ఉంటే ఏ 200 అని అడిగి తీరాలి. డాలర్లు అందరూ తీసుకుంటారు, అయితే మారకం రేటు వాళ్లిష్టం. ఒక దుకాణంలో మాకు తిరిగిచ్చిన పెసోలు బయటి రేటుతో పోలిస్తే బాగా తక్కువ. సరిపడా చిల్లర ఉంటే ఆ గొడవే రాదు. కార్డు గీసినప్పుడు డాలర్లా, పెసోలా అని యంత్రం అడిగితే పెసోలే నొక్కండి, డాలర్లంటే వాళ్ల రేటు పడుతుంది. రేవు దగ్గర టాక్సీ రేట్ల పలక ఉంటుంది, అది నలుగురికి లెక్క. ఐదుగురం కాబట్టి పెద్ద బండి తీసుకుని బీచికి రానూపోనూ 50 డాలర్లు ఇచ్చాం. ఎక్కక ముందే ధర ఖాయం చేసుకోండి.

నగదు అయిపోయిందని ఓడలోని ఏటీఎం దగ్గరకు వెళ్తే రుసుము గట్టిగా పడుతుంది. ఊళ్లో బ్యాంకు శాఖకు ఆనుకుని ఉన్న ఏటీఎం నయం. ఓడవారి టూర్లే తీసుకునే కుటుంబానికి 150 నుంచి 200 డాలర్లు చాలు. రోఆటాన్‌లో మాలాగా సొంతంగా తిరిగేవారైతే మనిషికి 80 చొప్పున లెక్క వేసుకోండి, మూడోవంతు చిన్న నోట్లే ఉండేటట్టు చూసుకోండి. రోజుకు కావలసినంత జేబులో పెట్టుకుని మిగతాది గదిలోని లాకరులో ఉంచండి.