లీన్, ఇసబెల్, రాక్: దేంతో మొదలుపెడితే మేలు?

లెక్కల నిరూపణని కంప్యూటర్ చేత ఔననిపించాలని సరదా పుట్టినవాళ్లు ముందు ఆగిపోయేది ఇక్కడే. నిరూపణలో ప్రతి మెట్టునీ సరిచూసే సాఫ్ట్‌వేర్లలో లీన్ వేసుకోవాలా, ఇసబెల్లా, లేక మొన్నమొన్నటిదాకా కాక్ అని పిలిచి 2025లో పేరు మార్చిన రాక్‌నా? నన్నడిగితే, డిగ్రీ, పీజీ లెక్కలవాళ్లు కళ్లు మూసుకుని లీన్ పట్టుకోండి.

వీటి స్వభావం చిన్న ఉదాహరణలో తెలిసిపోతుంది. లీన్‌లో ఎన్ + 0 = ఎన్ అంటే, కూడిక నిర్వచనమే అలా ఉంది కాబట్టి మారు మాట్లాడకుండా ఒప్పుకుంటుంది. అదే 0 + ఎన్ = ఎన్ అన్నామా, ఇంటర్‌లో చదివిన గణితానుగమనం బయటికి తీయాల్సిందే. రాక్‌లో ఇది సరిగ్గా తిరగబడుతుంది, ఎందుకంటే అక్కడ కూడికని మొదటి సంఖ్య మీద నిర్వచించారు, లీన్‌లో రెండోదాని మీద. (ఈ ఒక్క తేడా తెలియక నేను ఒక సాయంత్రమంతా తల బాదుకున్నా.) ఇసబెల్‌లో సింప్ (తెలిసిన సూత్రాలతో దానంతటదే సూక్ష్మీకరించే ఆదేశం) అని కొడితే రెండూ చిటికెలో అయిపోతాయి. లీన్‌లోనూ సింప్ ఉంది లెండి, కానీ ఇసబెల్‌లో స్లెడ్జ్‌హ్యామర్ అని ఇంకో ఆయుధం ఉంది, పేరుకి తగ్గట్టే సమ్మెట: మనం ఇరుక్కున్న చోట నిరూపణలు వాటంతటవే వెతికే బయటి ప్రోగ్రాములని పిలిచి, పనికొచ్చే లెమ్మాలు (ముందే నిరూపించి ఉన్న చిన్న ఫలితాలు) అదే వెతికి, ఈ లైను పెట్టుకోమని చేతికిస్తుంది. ఈ విషయంలో నా ఓటు దానికే.

అయినా లీన్ అనడానికి కారణం మ్యాథ్‌లిబ్, అంటే లీన్‌లో ముందే నిరూపించి పెట్టిన గణితం గుట్ట. ఆల్జీబ్రా, టోపాలజీ, అనాలిసిస్ అన్నీ ఒకే లైబ్రరీలో ఒకదానితో ఒకటి అతికేలా ఉంటాయి. తన సిద్ధాంతాన్ని కంప్యూటర్‌తో సరిచూడమని గణితవేత్త పీటర్ షోల్జే 2020లో విసిరిన సవాలు 2022కి పూర్తయిందన్నా, 2023లో గణితవేత్త టెరెన్స్ టావో బృందం తమ కొత్త నిరూపణని సుమారు మూడు వారాల్లో లీన్‌కి ఎక్కించిందన్నా అది ఉండబట్టే. కాకపోతే వెర్షన్ మారినప్పుడల్లా పాత కోడ్ ఎక్కడో ఒకచోట విరుగుతుంది, ముందే కంపైల్ చేసిన ఫైళ్లు దించుకోవడం మర్చిపోతే ల్యాప్‌టాప్ గంటల తరబడి వేడెక్కుతూ కూర్చుంటుంది.

రాక్‌ని తక్కువ చేయట్లేదు. ఏ మ్యాప్‌కైనా నాలుగు రంగులు చాలనే నాలుగు రంగుల సిద్ధాంతం 2005లో, ఆరేళ్లు పట్టిన ఫైట్-థాంప్సన్ సిద్ధాంతం (గ్రూప్ థియరీలోది) 2012లో అందులోనే అయ్యాయి. కంపైలర్ లాంటి ప్రోగ్రామ్ సరైనదని నిరూపించడమే మీ పనైతే అటే వెళ్లండి.

ఏది వేసుకున్నా సరే, సహజ సంఖ్యల్లో రుణ సంఖ్యలు ఉండవు కాబట్టి 2 నుంచి 3 తీసేస్తే మూడూ సున్నా అనే చెబుతాయి, బగ్ అనుకుని మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి.