నేల వదులు చేస్తుందన్న తెల్లపొడి: కొనేముందు ఒక నిమ్మకాయ పిండి చూడండి

శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస, బూర్జ, పొందూరు వైపు రైతులు ముందు చదవండి. బొలెరోలో తిరుగుతూ "జిగట నేలని వదులు చేసే మందు" అని 25 కిలోల బస్తాలు అమ్మేవాళ్లు మళ్లీ బయల్దేరారు. పోయిన మే నెలలో నేను 40 బస్తాలు కొన్నాను. బస్తా 620 చొప్పున 24,800 రూపాయలు మట్టిలో పోశాను.

మాది చెరువు కింద రెండెకరాలు. తడిస్తే అరికాలికి ఇంకో చెప్పు తొడిగినట్టు అంటుకునే మట్టి, ఎండితే గునపం దిగదు. వరికి బాధ లేదు. వరి తర్వాత మొక్కజొన్న వేద్దామంటేనే తలనొప్పి. రామాలయం అరుగు మీద కూర్చోబెట్టి ఆ అమ్మేవాడు సరిగ్గా అక్కడే పట్టుకున్నాడు. "ఎకరాకి 20 బస్తాలు చల్లండి అన్నగారూ, ఒక్క పంటకే నేల పిండిలా అయిపోద్ది, ఇంక దుక్కి ఖర్చే ఉండదు" అన్నాడు. జిప్సం, హ్యూమిక్ (కుళ్లిన చెత్తాచెదారంలోంచి వచ్చే నల్లటి సారం), వానపాముల ఎరువు అన్నీ అందులోనే ఉన్నాయట. ట్రాక్టరు కిరాయి మిగులుతుందన్న ఆశతో నేను పడిపోయాను.

బస్తా మీద వానపాము బొమ్మ, నవ్వుతున్న రైతు బొమ్మ, ఒక ఫోన్ నంబరు ఉన్నాయి. ఏది ఎంత శాతం ఉందో, బ్యాచ్ నంబరు ఏమిటో, ఎక్కడ తయారైందో ఏమీ లేదు. ఇదంతా డబ్బులిచ్చాక చూశాను లెండి. బిల్లు అడిగితే చీటీ మీద పెన్నుతో అంకె రాసిచ్చాడు.

మొదటి వానకే పొలం మీద తెల్లటి పెచ్చు కట్టింది. "ఏట్రా, మడికి సున్నం ఏసినావా?" అని మా పెదనాన్న నవ్వాడు. ఆయన ఎగతాళికి అన్నాడు గానీ చివరికి అదే నిజమైంది. నైరా వ్యవసాయ కాలేజీలో చదువుతున్న మా మేనకోడలు దసరాకి వచ్చినప్పుడు మిగిలిన బస్తా ఒకటి విప్పించింది. చారెడు పొడి స్టీలు పళ్లెంలో పోసి, పైన సగం నిమ్మచెక్క పిండింది. బుస్సుమని నురగ పొంగింది. మంచి జిప్సం అయితే పులుపు తగిలినా ఇలా పొంగదు, పొంగేది సున్నపురాయి పొడి అని చెప్పింది. మరి కొంచెం నీళ్లలో కలిపితే అడుగున రాతి నూక దిగింది. హ్యూమిక్ నల్లదనం, వానపాముల ఎరువు జాడ ఎక్కడా లేవు.

ఇంకో మాట కూడా చెప్పింది, నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది. అది అసలు జిప్సమే అయినా మా నేలకి పనికిరాదట. బాగా ఎండిన మట్టిపెళ్ల గోలీకాయంత తీసి, గాజుగ్లాసులో వాననీళ్లు పోసి అందులో వేసి కదపకుండా వదిలేసింది. పెళ్ల కూలి కుప్పయింది, నీళ్లు మాత్రం తేటగానే ఉన్నాయి. నీళ్లు పాలలా మారితే ఆ మట్టిలో సోడియం ఎక్కువున్నట్టు. జిప్సం పనిచేసేది అలాంటి కారు చౌడు నేలల్లో, పీహెచ్ 8.5 దాటిన చోట. తర్వాత భూసార పరీక్ష చేయిస్తే మాది 7.3 వచ్చింది. పది చోట్ల జానెడు లోతు మట్టి తీసి కలిపి అరకిలో ఇస్తే తేలిపోయే పని, కొనేముందు చేయించలేదు.

లెక్క కూడా వేసుకోండి. ఎకరాలో పై 15 సెంటీమీటర్ల మట్టే సుమారు 800 టన్నులు ఉంటుంది. 20 బస్తాలంటే అర టన్ను. అంత మట్టిని అర టన్ను పొడి ఒక్క పంటలో మార్చేస్తుందా? గత్తమైనా (పశువుల ఎరువు) ఎకరాకి నాలుగైదు టన్నులు ఏటా తోలితే తప్ప జిగట నేల మాట వినదు. బండెడు ఇసుక కలపమనే వాళ్లకీ ఇదే లెక్క చెప్పండి.

దున్నకుండా వేయడం తప్పని నేననను. మన జిల్లాల్లో వరి కోసిన మడిలో దుక్కి లేకుండా మొక్కజొన్న వేసేవాళ్లు, కోతకి ముందే మినుము, పెసర చల్లేవాళ్లు ఎంతమంది లేరు? అది మడిలో మిగిలిన పదును చూసి చేసే పని, ఏ పొడి మహిమా కాదు. పచ్చి మడిలో రోటవేటర్ తిప్పి, అడుగున గట్టి పొర తెచ్చుకున్నది మాత్రం నేనే. ఆ తప్పు వాడి మీద వేయను.

ఫోన్ చేస్తే "మీ నేలలోనే దోషం ఉంది, ఇంకో 20 బస్తాలు పడాలి" అన్నాడు! తర్వాత నంబరు పనిచేయలేదు. ఫిర్యాదు రాద్దామంటే పక్కా బిల్లు లేదు, రాయడానికి కంపెనీ పేరే లేదు. ఎరువు అమ్మాలంటే 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద అనుమతి పత్రం ఉండాలి. అది చూపించమనండి. "ఇది ఎరువు కాదండీ, కండిషనర్" అని తప్పించుకుంటే అరుగు దిగి వచ్చేయండి. మాకూ అదే మాట చెప్పాడు.

ఈసారి తొలకరికి పచ్చిరొట్ట ఎరువు కోసం ఎకరాకి 10 కిలోల జీలుగ విత్తనం చల్లి, పూతకి వచ్చే వేళకి మడిలోనే కలియదున్నుతాను. విత్తనం రైతు సేవా కేంద్రంలో సబ్సిడీ మీద వచ్చిందేమో ముందు కనుక్కోండి.

బస్తా పేరు, రంగు మార్చి రాజాం వైపు అమ్ముతున్నారని నిన్న విన్నాను. నా దగ్గర ఇంకా మూడు బస్తాలు పశువుల సాలలో ఉన్నాయి. ఎవరికైనా అనుమానం ఉంటే వచ్చి చూసుకోండి, నిమ్మకాయ నేనే ఇస్తాను.