స్పానిష్ ‘బోతె’ నేర్చుకోవడానికి ఆంకీ యాప్: ఏళ్ల తరబడి వాడాక

ఆంకీ అంటే ముందు ప్రశ్న, వెనక జవాబు ఉన్న కార్డులను మరిచిపోయేలోపు మళ్లీ మళ్లీ చూపించే యాప్. అందులో దొరికే రెడీమేడ్ డెక్కుల్లో (కార్డుల కట్టల్లో) ‘బోతె’ కార్డు తిప్పితే వెనక ‘డబ్బా’ అనో ‘పడవ’ అనో ఒక్క ముక్క ఉంటుంది. రెండూ తప్పు కాదు, కానీ స్పెయిన్‌లో సరుకులు కొనడానికి చాలవు. అక్కడ ఉడికించిన శనగలు నింపిన గాజు సీసా బోతె, షాంపూ ప్లాస్టిక్ సీసా బోతె, పెయింట్ డబ్బా కూడా బోతె. మనం గాజుదైతే సీసా, రేకుదైతే డబ్బా అంటాం కాబట్టి సరిగ్గా ఇక్కడే తడబడతాం.

ఆంకీ గొప్ప సాధనం, కార్డులు మీరే చేసుకుంటే. ముందువైపు వస్తువు ఫొటో, కింద ‘ఉన్ ___ దె మెర్మెలాదా’ (ఒక ___ జామ్) అని ఖాళీ. వెనక పూర్తి మాట, ఆడియో. తెలుగు అర్థం అసలు రాయొద్దు. ‘ఒక’ అనే అర్థమిచ్చే ‘ఉన్’ వదలొద్దు, అది లింగాన్ని బట్టి మారుతుంది: బోతె పుంలింగం, రేకు డబ్బాకు వాడే లాతా స్త్రీలింగం.

చెత్తబుట్ట అనే మాటకు దేశం పేరు కూడా కార్డు మీద వేయాలి. మెక్సికోలో అది ‘బోతె దె బసూరా’. స్పెయిన్‌లో కూబో, అర్జెంటీనాలో తాచో, కొలంబియాలో కనేకా, డొమినికన్ రిపబ్లిక్‌లో సఫకోన్. ఇవన్నీ ఒకే కార్డులో కుక్కితే నాలుగు గుర్తొచ్చి ఒకటి రాదు, అప్పుడు గుర్తొచ్చిందా లేదా అని చెప్పే బటన్లలో ఏది నొక్కాలో తెలియదు. దేశానికో కార్డు చేయండి. మీరు వెళ్లని దేశానిది వదిలేయండి.

పలకడంలో మనకు పెద్ద సౌలభ్యం ఉంది. ఇంగ్లీషు అలవాటుతో ‘బోటె’ అంటారు చాలామంది. అది మన ‘త’యే. ‘ఉన్ బోతె’ మాటల్లో ‘ఉంబోతె’ అవుతుంది, అందుకే విడి మాట కాకుండా మొత్తం ఆడియో పెట్టమంటున్నాను. జాడీకి వాడే ‘తర్రో’లో ‘ర్ర’ మన గుర్రంలో ఉన్నట్టే.

బోతె, తర్రో, ఫ్రాస్కో (చిన్న సీసా) మూడూ ఒకే వారంలో మొదలుపెట్టొద్దు, ఒకదాన్నొకటి చెరిపేస్తాయి. రోజుకు కొత్త కార్డులు 20 అని ముందే ఉంటుంది, 5కి తగ్గించండి. ఏ కార్డు మళ్లీ ఎప్పుడు చూపాలో లెక్కగట్టే ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ పద్ధతి వాడుతుంటే, గుర్తుండాలని మీరు పెట్టుకునే శాతం 90 దగ్గరే ఉంచండి. 97కి పెంచితే రోజూ మళ్లీ చూడాల్సిన కార్డులు గుట్టలు పడతాయి. ఎనిమిదిసార్లు తప్పిన కార్డుకు ఆంకీ ‘లీచ్’ ముద్ర వేస్తుంది. దాన్ని బట్టీ పట్టకండి, ఫొటో మార్చండి. మూత, లేబులు స్పష్టంగా కనిపించే ఫొటో అయితే చాలావరకు కుదురుకుంటుంది.

లోపాలూ ఉన్నాయి. సెట్టింగులు కొత్తవాళ్లను బెదరగొడతాయి. ఫోన్‌లో కార్డులు తయారుచేయడం విసుగు, ఆ పని కంప్యూటర్‌లో చేసుకోవడం మేలు. కంప్యూటర్‌కు, ఆండ్రాయిడ్‌కు ఉచితం. ఐఫోన్‌కు మాత్రం డబ్బు కట్టాలి.

‘దె బోతె ఎన్ బోతె’ అంటే జనంతో కిక్కిరిసిపోయిందని. ఇలాంటి జాతీయాలు సీసాల కార్డులు నెలకోసారి మాత్రమే కనిపించే దశకు చేరాకే కలపండి.