మాస్సీ 1035 డీఐ: దమ్ము చేలో పాతికేళ్లు దాటిన బండి

నాన్న 1996లో కొన్న మాస్సీ ఫెర్గూసన్ 1035 డీఐ ట్రాక్టర్ ఇప్పటికీ మా ఇంట్లో పని చేస్తూనే ఉంది. మాది తెనాలి దగ్గర నల్లరేగడి మాగాణి. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలకు నీళ్లు వదిలాక నాట్లకు ముందు బురద దున్నే దమ్ము, కోతలయ్యాక ధాన్యం తోలకం, మధ్యలో దుగ్గిరాల యార్డుకి పసుపు, వేసవిలో మెట్ట దుక్కి. ఏడాదంతా దీనికి ఏదో ఒక పని ఉంటుంది. ఇలాంటి పాత బండి కొనొచ్చా అని చాలామంది అడుగుతుంటారు. కొనొచ్చు. కాకపోతే ముందు చూడాల్సింది పెయింటు, టైర్లు కాదు, గేర్లుండే వెనక హౌసింగ్‌లో ఉన్న ఆయిల్.

ఎందుకంటే ఈ బండిలో గేర్లకీ, వెనక గొర్రుని ఎత్తే లిఫ్టుకీ ఒకటే ఆయిల్. హైడ్రాలిక్ పంపు ఆ ఆయిల్లోనే మునిగి ఉంటుంది, వెనక తగిలించే పనిముట్లకు ఇంజన్ బలం అందించే పీటీఓ షాఫ్టు దాన్ని తిప్పుతుంది. దమ్ములో బండి రోజంతా బురద నీళ్లలో తిరుగుతుంది కదా, గేరు లివర్ కింద రబ్బరు చిరిగినా, పీటీఓ సీలు అరిగినా నీళ్లు లోపలికి దిగుతాయి. కొన్నాళ్లకు ఆయిల్ మజ్జిగ రంగుకి వస్తుంది. అప్పటికి లిఫ్టు కొద్దిగా బద్ధకించి ఉంటుంది, అంతే. జనం పట్టించుకోరు. ఆ నీళ్ల ఆయిల్‌తోనే ఇంకో సీజను నడిపేస్తారు. తర్వాత పంపు పోతుంది, బేరింగులు అరుస్తాయి, వెనక భాగం మొత్తం విప్పాల్సి వస్తుంది.

మేం చేసేది చిన్న పనే. దమ్ము రోజుల్లో తెల్లారి సెల్ఫ్ కొట్టకముందే హౌసింగ్ అడుగున డ్రెయిన్ ప్లగ్గు కాస్త వదులు చేస్తాం. రాత్రంతా బండి కదలకుండా ఉంటే నీళ్లు బరువుకి అడుక్కి దిగి ఉంటాయి. ప్లగ్గు మరలు తడిసి ముందు రెండు మూడు చుక్కలు నీళ్లే పడ్డాయంటే ఎక్కడో సీలు పోయిందని లెక్క. మొదటి చుక్కే చిక్కగా, జిగురుగా జారితే వెంటనే బిగించేసి పనిలోకి దిగొచ్చు. దమ్ము సీజను అయిపోగానే ఆయిల్ పాతదైనా కాకపోయినా మొత్తం దించి కొత్తది పోయిస్తాం. ఖర్చే, కాదనను. కానీ పంపు రిపేరు ముందు ఇదొక ఖర్చు కాదు.

రెండోది గాలి. దీనిది ఆయిల్ గిన్నె ఉన్న పాత రకం ఎయిర్ ఫిల్టర్. వేసవి దుక్కిలో రేగే మట్టి అంతా ఆ గిన్నెలో చేరుతుంది, అడుగున మడ్డి కడుతుంది. ఆ రోజుల్లో రోజూ మూత విప్పి చూడాలి. ఇంజన్‌లోంచి దించిన నల్ల ఆయిల్‌నే గిన్నెలో పోసేవాళ్లున్నారు, నాకది నచ్చదు, కొత్త ఆయిలే గీత వరకు పోయాలి. అంతకంటే ముఖ్యం ఫిల్టర్ నుంచి ఇంజన్‌కి వెళ్లే రబ్బరు గొట్టం. క్లిప్పు కింద వెంట్రుకంత పగులున్నా దుమ్ము ఫిల్టర్‌ని తప్పించుకుని నేరుగా సిలిండర్‌లోకి పోతుంది. రింగులూ లైనర్లూ అరిగిపోయి బండి బోరుకొచ్చేస్తుంది, అంటే ఇంజన్ విప్పి బాగుచేయించాల్సి వస్తుంది. బండి నాసిరకం అని తిట్టుకునే చాలామంది ఒకసారి ఆ గొట్టాన్ని వంచి చూసుకుంటే బాగుంటుంది.

డీజిల్ శుభ్రంగా ఉండాలి, సాయంత్రం పూట ట్యాంకు నింపి పెడితే లోపల చెమ్మ పట్టదు. వేడెక్కుతోందనగానే ఇంజన్ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ పీకేయడం మన షెడ్డుల్లో ఒక అలవాటు. మా మెకానిక్ దానికి ఒప్పుకోడు, నేనూ ఒప్పుకోను. ఇంజన్ ఎప్పుడూ చల్లగా నడిస్తే అదీ అరుగుదలే. ముందు రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న పొట్టు ఊదించి, ఫ్యాన్ బెల్టు చూసుకోవాలి.

ఇక బండి సంగతి. మూడు సిలిండర్ల సింప్సన్ కంపెనీ ఇంజన్, 36 హార్స్‌పవర్, బరువు సుమారు 1700 కిలోలు. మా మెత్తటి చేలల్లో ఈ తక్కువ బరువే దీని బలం. 50 హెచ్‌పీ బండ్లు దిగబడే మడిలో ఇనప కేజ్ వీల్స్ వేసుకుని ఇది హాయిగా తిరుగుతుంది. దున్నేటప్పుడు గొర్రు లోతుని సర్దే డ్రాఫ్ట్ లివర్‌ని మాత్రం చాలామంది డ్రైవర్లు ముట్టుకోరు, అది నాకు బాధగా ఉంటుంది. గట్టి నేల తగలగానే గొర్రు పైభాగాన్ని బండికి కలిపే టాప్ లింక్ మీద ఒత్తిడి పెరిగి గొర్రు దానంతటదే కొంచెం లేస్తుంది, ఇంజన్ మీద భారం పడదు, చక్రం జారదు. ఫెర్గూసన్ బండ్లకు పేరు తెచ్చిన పనితనమే అది. దాన్ని వాడకుండా దున్నితే డీజిల్ దండగ.

లోపాలూ ఉన్నాయి. మా దాంట్లో సింగిల్ క్లచ్చు, క్లచ్ తొక్కితే పీటీఓ, లిఫ్టు రెండూ ఆగిపోతాయి. రోటవేటర్‌కి ఇది సరైన బండి కాదు, ఎండిన రేగడిలో మూలుగుతుంది. పవర్ స్టీరింగ్ లేదు, దమ్ము రోజు సాయంత్రానికి భుజాలు పట్టేస్తాయి. డ్రై డిస్క్ బ్రేకుల్లోకి బురదో ఆయిలో చేరితే పట్టు పోతుంది. ఎడమ, కుడి చక్రాలకు బ్రేకు పెడళ్లు విడివిడిగా ఉంటాయి, రోడ్డెక్కే ముందు రెండిటినీ కలిపి లాక్ వేయాల్సిందే. వెనక ట్రక్కులో లోడుతో వెళ్తూ ఒక్క పెడల్ తొక్కితే బండి పక్కకి లాగి తిరగబడొచ్చు.

ఒక్క విషయంలో మాత్రం ఎవరి మాటా వినకండి. దిగబడిన బండికి వెనక చక్రాలకు దుంగ కట్టి ముందుకు లాగించొద్దు. చక్రం తిరగలేనప్పుడు ఇంజన్ బలమంతా ముందు భాగాన్ని పైకి లేపుతుంది. బండి వెనక్కి తిరగబడటానికి రెండు సెకన్లు చాలు, క్లచ్ తొక్కే వ్యవధి ఉండదు. రివర్స్‌లో రావాలి, రాకపోతే ఇంకో బండితో వెనక్కి లాగించుకోవాలి.

పాత 1035 చూడటానికి వెళ్తే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. ముందే వేడి చేసి పెడితే అనుమానించాల్సిందే. బాగా వేడెక్కాక ఇంజన్ ఆయిల్ పోసే మూత తీయండి, పొగ బుసబుసా కొడితే బోరుకొచ్చినట్టే, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. లిఫ్టు లేవకపోతే బేరం మానేసే ముందు పీటీఓ లివర్ వేసి ఉందో లేదో చూడండి, అది వేయకపోతే ఈ బండిలో లిఫ్టు పని చేయదు. తర్వాత గొర్రు పైకెత్తించి ఇంజన్ ఆపండి. మెల్లగా దిగితే ఫర్వాలేదు, చూస్తుండగానే కిందపడితే లోపల సీళ్లు పోయాయి. చివరగా ఆయిల్ మట్టం చూసే స్టిక్కు తీసి వెనక ఆయిల్ వేళ్ల మధ్య రుద్ది చూడండి. తెల్లగా ఉంటే ఎంత తక్కువకిచ్చినా ఆ బండి వద్దు.